ఆరు విశ్వవిద్యాలయాలు, 249 గెలుపులు: లూ హోల్ట్జ్ పద్దు

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మూడు అంకెల గురించి మాట్లాడతాను: 249, 132, 7. అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో లూ హోల్ట్జ్ అనే హెడ్ కోచ్ 1969 నుంచి 2004 వరకు ఆరు విశ్వవిద్యాలయాల జట్లను నడిపి మిగిల్చిన పద్దు అది. అందులో మొదటి అంకె గెలుపులు, రెండోది ఓటములు, మూడోది సమంగా ముగిసిన ఆటలు. మొత్తం 388 ఆటలు. సమమైన ఆటను సగం గెలుపుగా లెక్కిస్తే నూటికి 65 చొప్పున విజయాలు. ఏ పుస్తకం తిరగేసినా ఆయన గురించి మొదట కనిపించేది ఈ వరుసే, చాలామంది చదవడం ఆపేసేదీ అక్కడే.

నేను ఉద్యోగమంతా లెక్కల విభాగంలో గడిపినవాణ్ణి. ఏ ఖాతా చేతికిచ్చినా నా కన్ను ముందు ప్రారంభ నిల్వ మీదికి పోతుంది, చివరి మొత్తం సంగతి ఆ తర్వాత. మా అబ్బాయి ఇండియానా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో నేను కొన్ని నెలలు అక్కడ ఉన్నాను. శనివారం మధ్యాహ్నం అయ్యేసరికి వీధులు ఖాళీ అయిపోయి ఊరంతా టీవీల ముందు చేరేది. ఆ ఆట నియమాలు నాకు సగమే తలకెక్కాయి గానీ, ఆట ముగిశాక తెర మీద కోచ్ పేరు పక్కన వేసే అంకెల వరుస మాత్రం వెంటనే నన్ను పట్టుకుంది, ఎందుకంటే అందులో ప్రారంభ నిల్వ లేదు. ఆ లోటును పూరిస్తే ఈ పద్దు ఎలా మారుతుందో చూపించడమే నా ప్రయత్నం.

ముందుగా రెండు మాటలు ఆట గురించి. మనం ఇక్కడ ఫుట్‌బాల్ అని పిలిచే ఆట వేరు, ఇది వేరు. ఇందులో గుడ్డు ఆకారపు బంతిని చేతబట్టుకుని పరుగెత్తుతూ, విసురుతూ ప్రత్యర్థి గీత దాటించాలి. హోల్ట్జ్ కాలంలో ఒక్కో జట్టు ఏడాదికి సాధారణంగా 11 లేదా 12 ఆటలు ఆడేది. బాగా ఆడినవాటికి చివర్లో బౌల్ గేమ్ అనే ప్రత్యేక ఆటకు ఆహ్వానం అందేది. ఆడేవాళ్లంతా విద్యార్థులే కాబట్టి ఎంతటి ఆటగాడైనా నాలుగైదేళ్లలో వెళ్లిపోతాడు. అక్కడి కోచ్‌ను మన రంజీ జట్టు కోచ్‌తో పోల్చలేం, ఎందుకంటే రంజీ కోచ్ సెలెక్టర్లు ఇచ్చిన జట్టుతో ఆడిస్తాడు, కళాశాల కోచ్ మాత్రం పదిహేడేళ్ల కుర్రాళ్ల ఇళ్లకు తానే వెళ్లి, తల్లిదండ్రుల ఎదురుగా సోఫాలో కూర్చుని, వాళ్లను ఒప్పించి జట్టును తెచ్చుకోవాలి. అలా ఒప్పించి తెచ్చిన కుర్రాళ్లు ఎదిగేసరికి రెండు మూడేళ్లు పడుతుంది. అందుకే కొత్త కోచ్ మొదటి ఏడాది ఆడించేది తనకు ముందున్న కోచ్ జట్టునే. ప్రారంభ నిల్వ అని నేనన్నది దీన్నే.

హోల్ట్జ్ 1937లో వెస్ట్ వర్జీనియాలోని ఫాలన్స్‌బీలో పుట్టి, ఒహాయోలోని ఈస్ట్ లివర్‌పూల్‌లో పెరిగి, కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో చదివారు. 1966లో సౌత్ కరోలైనా విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ కోచ్‌గా చేరారో లేదో, ఆయనను తీసుకున్న హెడ్ కోచ్ పదవి వదిలి వెళ్లిపోయారు. వయసు 29, భార్య మూడో కాన్పుకు సిద్ధంగా ఉంది, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఆ రోజుల్లో ఆయన కూర్చుని జీవితంలో సాధించాలనుకున్నవి 107 కాగితం మీద రాసుకున్నారు. నోటర్ డేమ్ విశ్వవిద్యాలయానికి హెడ్ కోచ్ కావడం, జాతీయ చాంపియన్‌షిప్ గెలవడం, వైట్ హౌస్‌లో విందుకు హాజరు కావడం, పోప్‌ను కలవడం అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. ఆ కాగితం రాసిన చోటు సౌత్ కరోలైనా అని మీరు గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ అక్కడికే వస్తాం. 1968లో ఆయన ఒహాయో స్టేట్‌లో వుడీ హేస్ దగ్గర అసిస్టెంట్‌గా ఉన్నారు, ఆ జట్టు ఆ ఏడాది జాతీయ చాంపియన్ అయింది. ఆ మరుసటి ఏడాదే ఆయనకు సొంత జట్టు దక్కింది.

మొదటి బడి విలియం అండ్ మేరీ. 1969, 70, 71 సీజన్లలో అక్కడ 13 గెలుపులు, 20 ఓటములు. చెప్పుకోదగ్గ లెక్కేమీ కాదు. అయితే 1970లో ఒక విచిత్రం జరిగింది. ఆ ఏడాది మొత్తం మీద 5 గెలిచి 7 ఓడిన జట్టే సదరన్ కాన్ఫరెన్స్ అనే విశ్వవిద్యాలయాల కూటమిలో చాంపియన్‌గా నిలిచి టాంజరిన్ బౌల్‌కు వెళ్లింది, అక్కడ టొలీడో చేతిలో 40–12తో ఓడింది. ఏడు ఓటముల చాంపియన్ అంటే మనకు నవ్వొస్తుంది గానీ, కాన్ఫరెన్స్ లెక్క ఒకటి, మొత్తం లెక్క ఒకటి. రెండు వేరువేరు పుస్తకాలు.

రెండోది నార్త్ కరోలైనా స్టేట్. 1971లో 3 గెలిచి 8 ఓడిన జట్టు అది. హోల్ట్జ్ అడుగుపెట్టిన మొదటి ఏడాదే 8 గెలుపులు, 3 ఓటములు, ఒక సమం. రెండో ఏడాది 9–3తో, అంటే 9 గెలిచి 3 ఓడి, అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ చాంపియన్. నాలుగేళ్లలో 33–12–3, నాలుగేళ్లూ బౌల్ గేమ్ ఆడారు. ఆ తర్వాత 1976లో ఆయన వృత్తి ఆటగాళ్ల జట్టు న్యూయార్క్ జెట్స్‌కు వెళ్లి, 3 గెలిచి 10 ఓడి, సీజన్‌లో ఇంకా ఒక ఆట మిగిలి ఉండగానే రాజీనామా చేశారు. తనను భగవంతుడు వృత్తి ఫుట్‌బాల్ కోసం పుట్టించలేదన్నది అప్పుడు ఆయన అన్నట్టుగా చెప్పుకునే మాట. ఆ 13 ఆటలు కళాశాల పద్దులోకి రావు కాబట్టి మనం కూడా పక్కన పెడదాం.

మూడోది ఆర్కన్సా. ఇక్కడ కాస్త ఆగాలి. 1976లో 5–5–1తో ముగించి, దీర్ఘకాలం కోచ్‌గా ఉన్న ఫ్రాంక్ బ్రాయిల్స్ తప్పుకున్న జట్టు ఇది. హోల్ట్జ్ మొదటి ఏడాది 1977లో అది ఒక్క ఆట మాత్రమే ఓడి ఆరెంజ్ బౌల్‌కు చేరింది. 1978 జనవరి 2న ప్రత్యర్థి ఓక్లహోమా, దేశంలో రెండో ర్యాంకు జట్టు. ఆ ఆటకు ముందు హాస్టల్‌లో జరిగిన ఒక సంఘటన కారణంగా హోల్ట్జ్ ముగ్గురు ఆటగాళ్లను తప్పించారు. ముగ్గురూ జట్టు దాడికి ఆధారమైనవాళ్లే, ముగ్గురూ నల్లజాతీయులే. వ్యవహారం కోర్టు దాకా వెళ్లింది. అప్పుడు రాష్ట్ర అటార్నీ జనరల్‌గా ఉన్న బిల్ క్లింటన్ కోచ్ పక్షాన నిలబడ్డారు. ఆటలో ఆర్కన్సా చిత్తుగా ఓడుతుందని అందరూ అనుకున్నారు. తప్పించిన ఆటగాడి స్థానంలో దిగిన రోలండ్ సేల్స్ అనే కుర్రాడు బంతి పట్టుకుని ఆ రాత్రి 205 గజాలు పరుగెత్తాడు, ఆర్కన్సా 31–6తో గెలిచింది. హోల్ట్జ్ ఖాతాలో అది 249లో ఒక్క అంకె మాత్రమే. కానీ ఆ తర్వాత పాతికేళ్లపాటు ఏ విశ్వవిద్యాలయం ఆయనను పిలిచినా, ఆ పిలుపు వెనక ఆ రాత్రి ఉందని నేను నమ్ముతాను.

ఆర్కన్సాలో ఏడేళ్ల లెక్క 60–21–2. ఇదే ఖాతాను ఏడాదివారీగా చూడండి: 1977లో 11–1, చివరి ఏడాది 1983లో 6–5. మొదటి ఏడాదే శిఖరం. ఆ తర్వాత మంచి ఏళ్లు వచ్చినా ఆ ఎత్తు మళ్లీ అందలేదు. 1983 చివర ఆయన ఆ పదవిలోంచి బయటికి వచ్చారు.

నాలుగోది మిన్నెసోటా. ప్రారంభ నిల్వ ఘోరం: 1983లో 1 గెలిచి 10 ఓడారు, అందులో నెబ్రాస్కా చేతిలో 84–13. హోల్ట్జ్ మొదటి ఏడాది 4–7, రెండో ఏడాది 6–5, దాంతో బౌల్ ఆహ్వానం వచ్చింది. అయితే ఆయన ఒప్పందంలో ఒక షరతు ఉండేది: నోటర్ డేమ్ పిలిస్తే వెళ్లిపోవచ్చు. పిలుపు రానే వచ్చింది, ఆయన వెళ్లిపోయారు. ఇండిపెండెన్స్ బౌల్‌లో ఆ జట్టును అసిస్టెంట్‌గా ఉన్న జాన్ గుటెకున్‌స్ట్ నడిపి, క్లెమ్సన్ మీద 20–13తో గెలిపించారు. ఆ గెలుపు గుటెకున్‌స్ట్ ఖాతాలో పడింది. అందుకే మిన్నెసోటాలో హోల్ట్జ్ లెక్క 10–12గా ఉండిపోయింది. ఆరు వేర్వేరు విశ్వవిద్యాలయాలను బౌల్ గేమ్‌కు తీసుకెళ్లిన ఏకైక కోచ్ అని ఆయనకు పేరుంది, ఆ ఆరింటిలో మిన్నెసోటాను కూడా కలుపుతారు. జట్టును అర్హత దాకా చేర్చింది ఆయనే, ఆడించింది మరొకరు. మా ఆఫీసులో ఇలాంటి పద్దు వస్తే ఆడిటర్ తప్పకుండా పెన్సిల్‌తో ఒక గీత గీసేవాడు.

ఇక నోటర్ డేమ్. ఇండియానాలోని ఈ కాథలిక్ విశ్వవిద్యాలయానికి ఆ దేశపు ఫుట్‌బాల్‌లో ఉన్న స్థానం, రాసేవాళ్లకు ఉత్సాహం తెప్పించే స్థానం. కానీ 1985లో అది 5–6తో చతికిలబడి, చివరి ఆటలో మయామీ చేతిలో 58–7తో పరువు పోగొట్టుకుంది. హోల్ట్జ్ వచ్చిన మొదటి ఏడాది 1986 లెక్క కూడా అచ్చంగా 5–6. మొత్తాలు మాత్రమే చూసేవాడు ఏమీ మారలేదనే అంటాడు. ఆ ఆరు ఓటములను విడదీసి చూడండి: మిషిగన్‌తో ఒక పాయింటు, మిషిగన్ స్టేట్‌తో ఐదు, పిట్స్‌బర్గ్‌తో ఒకటి, పెన్ స్టేట్‌తో ఐదు, లూసియానా స్టేట్‌తో రెండు. ఐదు ఆటలు కలిపి పోయింది 14 పాయింట్లు. ఆరో ఓటమి ఒక్కటే, అలబామా చేతిలో 28–10, నిజంగా చిత్తయిన ఆట. అంకె మారకముందే ఆట మారిపోయిందని ఈ పద్నాలుగు పాయింట్లు చెబుతున్నాయి.

ఆ ఏడాదే ఆయన ఆటగాళ్ల గదుల నుంచి మైదానంలోకి దిగే మెట్ల దగ్గర గోడకు ఒక పసుపు బోర్డు కొట్టించారు. ఈ రోజు చాంపియన్‌లా ఆడు అని దాని మీద నీలి అక్షరాలు ఉంటాయి. గుడి గడపకు మొక్కి లోపలికి వెళ్లినట్టు, ప్రతి ఆటగాడూ మెట్లు దిగుతూ చెయ్యెత్తి ఆ బోర్డును తట్టి మైదానంలోకి వెళతాడు. ఎన్నో వేల అరచేతులు తగిలిన ఆ బోర్డును టీవీలో చూసినప్పుడల్లా, గెలుపోటముల పట్టికలో చోటు లేని పనులు ఎన్ని ఉంటాయో కదా అనిపించేది నాకు.

1987లో 8–4. 1988లో 12–0, జాతీయ చాంపియన్. అక్టోబర్ 15న మయామీతో ఆడిన ఆట ఈ పద్దును చదవడానికి చాలా ముఖ్యం. ఆట ఇంకా 45 సెకన్లే ఉందనగా మయామీ బంతిని గీత దాటించి, అంటే టచ్‌డౌన్ చేసి 31–30కి వచ్చింది. బంతిని తన్ని ఒక పాయింటు తెచ్చుకుంటే ఆట సమమవుతుంది. అప్పట్లో అదనపు సమయం లేదు. మయామీ కోచ్ జిమ్మీ జాన్సన్ సమానికి ఒప్పుకోక, బంతిని మళ్లీ గీత దాటించే రెండు పాయింట్ల ప్రయత్నానికి వెళ్లారు. విసిరిన బంతిని నోటర్ డేమ్ ఆటగాడు పాట్ టెరెల్ చేత్తో కొట్టి కింద పడేశాడు. జాన్సన్ ఆ ఒక్క పాయింటుతో సరిపెట్టుకుని ఉంటే హోల్ట్జ్ లెక్కలో ఒక గెలుపు తగ్గి ఒక సమం పెరిగేది, 12–0 అనే మాటే ఉండేది కాదు. ఇక నవంబర్ చివర, దేశంలో మొదటి రెండు స్థానాల జట్ల మధ్య, సదరన్ కాలిఫోర్నియాతో ఆటకు వాళ్ల ఊరు చేరాక, సమయానికి రాని ఇద్దరు ప్రధాన ఆటగాళ్లను హోల్ట్జ్ విమానం ఎక్కించి ఇంటికి పంపేశారు. వాళ్లు లేకుండానే 27–10తో గెలిచారు. ఆర్కన్సాలో చేసిందే ఇక్కడా చేశారన్నమాట.

సమాల మాట వచ్చింది కాబట్టి ఆ 7 సంగతి కూడా చూద్దాం. అవి 1972, 74, 75, 78, 82, 92, 94 సంవత్సరాలవి. 1992లో మిషిగన్‌తో 17–17గా ముగిసినప్పుడు, చివరి నిమిషంలో తెగించలేదని ఆయనను తిట్టిపోశారు. 1996 నుంచి కళాశాల ఫుట్‌బాల్‌లో సమం అన్నదే లేకుండా పోయింది. సమంగా నిలిస్తే అదనపు ఆట ఆడి తీరాలి. నోటర్ డేమ్‌లో హోల్ట్జ్ చివరి ఏడాది సరిగ్గా అదే. ఆ సీజన్‌లో ఎయిర్ ఫోర్స్ అకాడమీ చేతిలో 20–17, సదరన్ కాలిఫోర్నియా చేతిలో 27–20 ఓటములు రెండూ అదనపు ఆటలో వచ్చినవే. నియమం ఒక్క ఏడాది ఆలస్యంగా వచ్చి ఉంటే 8–3 అని రాసిన చోట 8–1–2 అని రాసేవాళ్లు. జట్టు అదే, ఆడిన తీరూ అదే. అంతకుముందు సదరన్ కాలిఫోర్నియా మీద హోల్ట్జ్ ఒక్కసారి కూడా ఓడలేదు. ఆ ఓటమే నోటర్ డేమ్‌లో ఆయన చివరి ఆట.

1993ను దాటేసి వెళ్లడం న్యాయం కాదు. నవంబర్ 13న మొదటి ర్యాంకు ఫ్లోరిడా స్టేట్‌ను 31–24తో ఓడించి, సరిగ్గా వారం తిరిగేసరికి బోస్టన్ కాలేజ్ చివరి క్షణంలో తన్నిన ఫీల్డ్ గోల్‌తో 39–41కి ఓడిపోయారు. సీజన్ చివర నోటర్ డేమ్ 11–1, ఫ్లోరిడా స్టేట్ 12–1. చాంపియన్ కిరీటం ఓడిన ఫ్లోరిడా స్టేట్‌కే ఇచ్చారు. దీని మీద ఇండియానాలో ఇప్పటికీ వాదనలు ఆగలేదు, నేను స్వయంగా విన్నాను. మొత్తం మీద నోటర్ డేమ్‌లో పదకొండేళ్లకు 100–30–2. అక్కడ నూట్ రాక్నీ అనే పాత కోచ్ పేరు మీద 105 గెలుపులు ఉన్నాయి. హోల్ట్జ్ వంద దగ్గర ఆగారు.

ఆరోది సౌత్ కరోలైనా. 107 కోరికలు రాసుకున్న చోటు. 1998లో 1–10 జట్టు. 1999లో, 62 ఏళ్ల వయసులో, హోల్ట్జ్ దాన్ని తీసుకుని 11 ఆటలు ఆడి 11 ఓడారు. వృత్తి ఖాతాలో అంతకన్నా నల్లటి గీత లేదు. మరుసటి ఏడాది మొదటి ఆటలో న్యూ మెక్సికో స్టేట్‌ను 31–0తో ఓడించి వరసగా 21 ఆటల ఓటమికి తెర దించినప్పుడు, అభిమానులు మైదానంలోకి దూకి గోల్ స్తంభాలు పెరికేశారు. ఆ సీజన్ 8–4, తర్వాతిది 9–3, రెండుసార్లూ బౌల్ గేమ్‌లో ఒహాయో స్టేట్‌ను ఓడించారు.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న లెక్క. విలియం అండ్ మేరీని పక్కన పెట్టి మిగతా ఐదు జట్లు తీసుకోండి. హోల్ట్జ్ రాకముందు ఏడాది ఆ ఐదూ కలిపి గెలిచినవి 15, ఓడినవి 39, సమం ఒకటి. హోల్ట్జ్ రెండో ఏడాదికి అవే ఐదు జట్లు కలిపి 40 గెలిచి, 18 ఓడి, ఒకటి సమం చేశాయి. నా దృష్టిలో ఆయన అసలు పద్దు ఈ రెండు వరుసలే. నూటికి 65 చొప్పున విజయాలంటే గొప్పే గానీ ఆకాశమంటేది కాదు. 1996లో నోటర్ డేమ్‌లో ఆయన దగ్గర అసిస్టెంట్‌గా చేరిన అర్బన్ మేయర్ తర్వాత నాలుగు విశ్వవిద్యాలయాల్లో 187 గెలిచి 32 మాత్రమే ఓడారు, నూటికి 85. అయినా పాడుబడ్డ ఇల్లు అప్పజెప్పి రెండేళ్లలో గృహప్రవేశం చేయించాలంటే నేను హోల్ట్జ్‌నే పిలుస్తాను.

ఆ ఇంట్లో పదేళ్లు కాపురం చేయడం వేరే సంగతి. ఆర్కన్సా 11–1 నుంచి 6–5కి దిగింది. నోటర్ డేమ్‌లో మొదటి చాంపియన్‌షిప్ తర్వాత రెండోది రాలేదు. సౌత్ కరోలైనాలో 9–3 తర్వాత వరసగా రెండేళ్లు 5–7. పైగా ఆయన కాలంలో కొంత భాగానికి సంబంధించిన ఉల్లంఘనల మీద నోటర్ డేమ్‌కు 1999లో, సౌత్ కరోలైనాకు 2005లో కళాశాల క్రీడలను నియంత్రించే సంస్థ ఎన్‌సీఏఏ ప్రొబేషన్ విధించింది, రెండూ ఆయన వెళ్లిపోయాకే. గెలుపులు మాత్రం కొట్టివేయలేదు. అలబామాలో నిక్ సేబన్ అనే కోచ్‌కు 2007 నాటి ఐదు గెలుపులను లెక్కలోంచి తీసేశారు. అందుకే ఆయనకు మైదానం లెక్క ఒకటి, అధికారిక లెక్క ఒకటి. హోల్ట్జ్‌కు రెండూ ఒకటే.

చివరి ఆట 2004 నవంబర్ 20న, క్లెమ్సన్‌తో. ఆట మధ్యలో రెండు జట్ల ఆటగాళ్లు పిడిగుద్దులకు దిగారు, మైదానమంతా కొట్లాట. సౌత్ కరోలైనా 29–7తో ఓడింది. తన గురువు వుడీ హేస్ 1978లో ఒక క్లెమ్సన్ ఆటగాణ్ణి గుద్ది ఉద్యోగం పోగొట్టుకున్నారు. శిష్యుడి చివరి రోజున ఎదురుగా ఉన్నదీ క్లెమ్సనే. రెండు విశ్వవిద్యాలయాలూ ఆటగాళ్ల ప్రవర్తనకు శిక్షగా ఆ ఏడాది బౌల్ గేమ్ వద్దని తప్పుకున్నాయి. సౌత్ కరోలైనా 6–5తో బౌల్‌కు అర్హత సాధించిన జట్టే. ఆడి గెలిచి ఉంటే 250 అయ్యేది. ఆ ఒక్క గెలుపు కోసం వెతికితే, అది 1985 చివర మిన్నెసోటాలో ఉంది, అదే క్లెమ్సన్ మీద, 20–13తో, జాన్ గుటెకున్‌స్ట్ పేరు మీద.